పసుపుకు భయపడినదాన్ని

ఆ రోజు పొయ్యి అంటుకోలేదు. ఊదుగొట్టంతో రెండుసార్లు ఊదేసరికి ఛాతీ పట్టేసింది. "కట్టెలు పచ్చిగున్నయి అత్తమ్మా" అని అబద్ధమాడాను. కట్టెలు ఎండినవే. నాకు ఊపిరే చాలలేదు.

మెట్‌పల్లి దగ్గర పసుపు పాలిష్ షెడ్డులో నాకది నాలుగో సీజన్. ఎండిన కొమ్ముల్ని పెద్ద డ్రమ్ములో పోసి తిప్పితే పొట్టు రాలి నున్నగా అవుతాయి. ఆ పొట్టంతా షెడ్డులోనే లేచేది. ఇంటికొచ్చి చీదితే పసుపు పడేది. పసుపు మందే కదా, ఒంటికి మంచిదే అనుకునేదాన్ని. దగ్గు ముదిరితే అత్తమ్మ పాలలో పసుపు కలిపి ఇచ్చింది. తగ్గకపోతే పసుపు కొమ్ము కాల్చి పొగ పట్టించింది. ఆ పొగకు కళ్లు తేలేశాను. పాపం, ప్రేమతోనే చేసింది.

కోరుట్ల డాక్టరు టీబీ అనుమానంతో ఎక్స్‌రే, కళ్లె పరీక్ష చేయించాడు. టీబీ లేదని తేలింది. అయినా షెడ్డులో నా గ్లాసు వేరు చేశారు. జబ్బు కన్నా అదే ఎక్కువ మండింది నాకు.

చివరికి జగిత్యాల వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ ముందుగా అడిగింది, "ఏం పని చేస్తవమ్మా?" అని. చెప్పాను.

"పనికి పోని దినాలు దమ్మెట్లుంటది?"

"మంచిగుంటది మేడం."

చిన్న గొట్టమిచ్చి గట్టిగా ఊదమంది. దాని ముల్లు సగం కూడా కదల్లేదు. "ఆస్తమా. డస్ట్‌తోని వచ్చింది. పసుపు తింటే మందే, పీలిస్తే దుమ్మే" అంది. ఇన్‌హేలర్ రాసి, పని మానమంది. మానితే ఇల్లు గడవదన్నాను. అయితే మూతికి మూడు పొరల గుడ్డ కట్టుకోమంది.

రెండు వారాల్లో తేలికపడింది. ఇక బాగయ్యాననుకుని ఇన్‌హేలర్‌ను బియ్యం డబ్బాలో దాచి, గుడ్డ లేకుండా డ్రమ్ము దగ్గర నిలబడ్డాను. సాయంత్రానికి ఆస్పత్రిలో నెబ్యులైజర్ పెట్టారు. "తగ్గుడు వేరు, పోవుడు వేరు" అని డాక్టరమ్మ బాగా చీవాట్లు పెట్టింది.

నక్సలైట్ల కోసం పోలీసులు రోడ్లు జల్లెడ పట్టే కాలమది. ఓ సాయంత్రం గుడ్డ విప్పడం మరిచి ఇంటికి నడుస్తున్నాను. పోలీసు జీపు ఆగింది.

"ఎవలకు భయపడి మొఖం దాసినవ్?"

"పసుపుకు సార్."

పోలీసు ఎకసెక్కమనుకున్నాడు. గుడ్డ విప్పి చూపించాను. పైపొర పసుపుపచ్చగా, లోపలిపొర తెల్లగా ఉంది. రెండు వైపులా తిప్పి చూసి, "పో" అన్నాడు.

ఇంటికి వెళ్తుంటే తట్టింది. పోలీసుకు చూపించిందే షెడ్డు యజమాని సావుకారికి ఎందుకు చూపించకూడదు? తెల్లారి గుడ్డ తీసుకెళ్లి ఆయన ముందు పరిచాను.

"గీ పసుపంత ఇన్నేండ్లు నా లోపటికే పోయింది సావుకారీ. డ్రమ్ము బయట పెట్టియ్యి. లేకుంటే మేమెవ్వలం రాం."

నా వెనక షెడ్డు ఆడవాళ్లంతా నిలబడ్డారు, నా గ్లాసు వేరు చేసినవాళ్లతో సహా. మూడో రోజుకు డ్రమ్ము ఆరుబయటికి వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు ముసలిదాన్ని. ఇన్‌హేలర్ రోజూ వాడతాను, దాచను. మొన్న గొట్టం ఊదితే ముల్లు సర్రున లేచింది. కొత్త డాక్టరు కళ్లజోడు సర్దుకుని, "ఈ వయసుల గింత దమ్మా?" అన్నాడు.

ఒక్క మాట. దగ్గుతో డాక్టరు దగ్గరికి వెళ్తే, జబ్బు కన్నా ముందు మీరు చేసే పని చెప్పండి. పనిలో మూతికి కట్టుకున్న గుడ్డ కూడా తీసుకెళ్లండి. ఉతక్కండి.