కిట్టు బుగ్గ మీద రంగు

స్వరూప యూనివర్సిటీ జువాలజీ డిపార్ట్‌మెంటులో ఆర్టిస్టు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాటకు విలువుండేది. కప్ప పేగులు, బొద్దింక మూతి, పావురం రెక్క, పాఠానికి ఏది కావాలన్నా ఆమె గుడ్డ మీద రంగుల్లో వేసిచ్చేది. లెక్చరర్లు దాన్ని గోడకు తగిలించి కర్రతో చూపిస్తూ చెప్పేవాళ్లు. తర్వాత ప్రొజెక్టర్లు వచ్చాయి. చార్టులన్నీ చుట్టలు చుట్టుకుని స్టోర్‌రూమ్ బీరువా మీదికెక్కాయి. ఆమె హోదా మాత్రం కాగితాల్లో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు చేసే పని హాల్‌టికెట్లకు ముద్రలు వేయడం, రిజిస్టర్లకు గీతలు కొట్టడం, ఎవరైనా రిటైరైతే సన్మానపు బ్యానర్ మీద పేరు రాయడం. తార్నాక సందులోని ఇంటి నుంచి ఒకప్పుడు చెట్ల కింద నడుచుకుంటూ వెళ్లేది. మోకాళ్లు మొరాయించాక ఆటో ఎక్కుతోంది. సాయంత్రం ఇల్లు చేరేసరికి చెప్పులు విడవడానికి కూడా ఓపిక ఉండదు. భర్త పరుశురాం రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాడు. రాత్రి వంట ఆయనదే.

సుధామయి ఆ డిపార్ట్‌మెంటుకు కొత్తగా వచ్చిన లెక్చరర్. తెనాలి వైపు వాళ్లు, తండ్రి ఉద్యోగరీత్యా హబ్సిగూడలో స్థిరపడ్డారు. ఒకరోజు స్టోర్‌రూమ్‌లో ఏదో వెతుకుతుంటే పావురం రెక్క చార్టు ఆమె కంటబడింది. దాన్ని దుమ్ముతో సహా పట్టుకొచ్చి స్వరూప బల్ల మీద పరిచింది.

"ఇది మీరు వేశారా స్వరూపగారూ?"

"పాతది మేడం. ఎప్పుడో ఏసిన."

"మా అబ్బాయి కిట్టు బొమ్మ వేసిపెడతారా? ఆయిల్ పెయింటింగు. ఫోన్ నిండా వాడి ఫోటోలే, ఒక్కటీ గోడకు పెట్టుకునేట్టు లేదు."

చెయ్యలేనని చెబుదామనే స్వరూప నోరు తెరిచింది. కానీ తనను బొమ్మ అడిగి ఎన్నేళ్లయిందో. తీరా నోట్లోంచి వచ్చింది, "ఆదివారం తోలుకురాండ్రి మేడం" అన్న మాట.

కిట్టు రెండో తరగతి పిల్లాడు. చామనఛాయ, ఉబ్బిన బుగ్గలు. స్వరూప వాళ్ల మేడ మీది వరండాలో కుర్చీలో కూర్చోబెడితే పొద్దుటి ఎండ గ్రిల్లులోంచి వాడి ఎడమ చెంప మీద పడేది. తలంటు పోసుకుని వచ్చిన రోజు ఆ చెంప లోపల దీపం పెట్టినట్టుండేది. పెద్దవాళ్ల చర్మం వెలుగును పైనే ఆపేస్తుంది. పిల్లల చర్మం కాస్త లోపలికి రానిస్తుంది. ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదువుకున్న రోజుల్లో స్వరూప ఈ సంగతి విన్నది. చేతికి మాత్రం ఎన్నడూ చిక్కలేదు.

ఈసారీ చిక్కలేదు. గీత బాగా కుదిరింది. ముక్కు, కనుబొమలు, చెవి తమ్మె, అన్నీ కిట్టువే. చర్మం దగ్గరికొచ్చేసరికి ఎంత కలిపినా పసుపు పూసినట్టు కనిపించేది. ఇంత పసుపు ఏ పిల్లాడికీ ఉండదని కాస్త తెలుపు కలిపేది, ఆ పైన చిటికెడు నీలం. అయినా పసుపే. ఇంకొంచెం. ఆఫీసులో వారమంతా ముద్రలు కొట్టి, ఆదివారం నడుం వంచి నిలబడి రంగులు కలిపి, మధ్యాహ్నానికి భుజం పీకేది.

ఒకనాడు సుధామయి వచ్చి బొమ్మ ముందు నిలబడింది.

"పోలికలు భలే వచ్చాయండీ. కాకపోతే... వాడికి ఒంట్లో బాగాలేనట్టు అనిపిస్తోంది. నాకొక్కదానికేనేమో."

"ఇంక అయిపోలే మేడం. సరిచేస్త."

సుధామయి కాస్త తటపటాయించి, "కళ్లు ఈమధ్య చూపించుకున్నారా?" అని అడిగింది. మంచి మనసుతోనే అడిగింది. స్వరూపకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఆర్టిస్టును పట్టుకుని కళ్లు బాగున్నాయా అని అడగడమేమిటి? ఆమె వెళ్లాక బొమ్మ చెంప మీది రంగంతా చాకుతో గీకేసి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అదే వచ్చింది.

అసలు సంగతి కిట్టు వల్ల బయటపడింది. కుర్చీలో కూర్చుని విసుగెత్తి వాడు దిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఆంటీ, నా బుగ్గ మీద బ్లూ ఎందుకేస్తున్నారు?"

"బ్లూ యాడిది బిడ్డా? నీడ గది."

"కాదు, బ్లూనే. ఇదీ, ఇదీ. ఇక్కడ పర్పుల్ కూడా ఉంది."

స్వరూప రంగుల పలక మీద పక్కపక్కనే ఉన్న రెండు రంగు ముద్దలు చూపించింది. "గిదేం రంగు?"

"బ్రౌన్."

"మరి గిది?"

"నేవీ బ్లూ. మా స్కూల్ నిక్కరు రంగు."

ఆమెకు రెండూ ఒక్కలాగే కనిపిస్తున్నాయి. బ్రష్షు పక్కన పెట్టి, కిట్టును కిందికి పంపి, పరుశురాంను బిస్కెట్లు పెట్టమంది. తను వాడి కుర్చీలోనే కూర్చుండిపోయింది. కిందటేడు డిపార్ట్‌మెంటు ఎగ్జిబిషన్‌కు సీతాకోకచిలుకల చార్టు వేసింది. అందరూ బాగుందన్నారు. అదెలా వచ్చిందో ఇప్పుడు ఎవరిని అడగాలి?

"కండ్లల్ల మోతిబిందు అయ్యుంటది. నీలం చీర మీద నల్ల జాకెట్ ఏసుకొని పోతుంటే నాకప్పుడే డౌటొచ్చింది" అన్నాడు పరుశురాం.

"చెప్పొద్దా మరి?"

"చెప్తే ఇంటవా నువ్వు?"

కంటి ఆస్పత్రిలో డాక్టరమ్మ రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరాయని, అందుకే అన్నీ పసుపుగా కనిపిస్తున్నాయని, ముందు ఎడమది చేద్దామని చెప్పింది. ఆపరేషన్ పెద్ద బాధ పెట్టలేదు. బాధంతా కట్టు విప్పాక మొదలైంది. స్వరూప మేడ మీద నిలబడి ఒక కన్ను మూసి ఇంకోదానితో, మళ్లీ దాన్ని మూసి దీనితో చూసింది. కుడి కంటికి పరుశురాం బనీను టీలో ముంచి తీసినట్టుంది, ఎడమ కంటికి సున్నంలా ఉంది. దూరంగా మౌలాలి గుట్ట అంచు కత్తితో కోసినట్టు తేటగా కనిపించింది. వంటింట్లో పొయ్యి వెనక గోడ జిడ్డోడుతోంది. పరుశురాం ముఖం నిండా మచ్చలు.

"ఇల్లు ఇన్ని రోజులు గిట్లనే ఉన్నదా?"

"గిట్లనే ఉన్నది. నీకు కనపడలే, నేను చెప్పలే."

బొమ్మ మీది గుడ్డను అన్నిటికంటే చివర తీసింది. చెరువులో మునిగిన పిల్లాడిని బయటికి లాగి కూర్చోబెట్టినట్టుంది. పెదాలు ఊదా, చెంపలు సుద్ద, కంటి కింద నీలం. ఆమె ఏడవలేదు. కేన్వాసును గోడవైపు తిప్పి లోపలికి వెళ్లి పడుకుంది.

సుధామయి చూడ్డానికి వచ్చినప్పుడు, "వదిలేయండి స్వరూపగారూ, ఇక శ్రమపడొద్దు. మీరు గీసిన గీతే మాకు చాలు" అంది. అలా వదిలేస్తే ఎంత హాయో స్వరూపకు తెలుసు. అయినా, "ఉండనీయండ్రి మేడం, చూస్త" అంది. ఎందుకందో తనకే తెలియలేదు.

వంగొద్దని, బరువులెత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది. అందుకని ఒక ఉదయం కూర్చునే, కుడి కంటికి రుమాలు కట్టుకుని, ఇటుక రంగు రవ్వంత తీసుకుని నూనెలో బాగా పలచన చేసింది. ఎలా ఉంటుందో చూద్దామని దవడ కింద ఒక మూల మాత్రం రాసింది. అడుగున ఉన్న చల్లటి నీలం ఆ పలచటి ఎరుపులోంచి పైకి కనిపించింది. అది నీలమూ కాదు, ఎరుపూ కాదు. కిట్టు దవడ కింద ఉండే నీడ.

అప్పుడు గుర్తొచ్చింది. కాలేజీలో ఒక ముసలి సారు అడుగున చల్లటి రంగుతో బొమ్మంతా వేసి, ఆరాక, దాని మీద వెచ్చటి రంగులు పొరలుగా పూయమని చెప్పేవాడు. అంత తీరిక ఎవరికుందని పిల్లలంతా నవ్వేవాళ్లు. స్వరూప కూడా నవ్వింది. వెలుగు కోసం తెలుపు దట్టంగా పూస్తే అది పౌడరులా పైనే ఉండిపోతుంది. పలచటి పొరలైతే వెలుతురు లోపలికి దిగి, అడుగును తాకి, తిరిగొస్తుంది. తను తప్పుచేసి వేసిన చచ్చిన చర్మమే అడుగు పొరగా పనికొచ్చింది.

సంతోషంతో గంతులేసే ఓపిక ఆమెకు లేదు. ఒక పొర పూసేది. ఆరడానికి ఆదివారం దాకా పట్టేది. ఆ ఎదురుచూపే ఆమెకు హాయిగా ఉండేది, ఎందుకంటే ఎవరూ తొందరపెట్టలేని పని అదొక్కటే. చెంపకు పసుపు కలిసిన నారింజ, చెవి అంచుకు కాస్త ఎరుపు, నుదుటికి దాదాపు ఏమీ అక్కర్లేదు. సుద్ద కరిగి ఒక్కోచోటా నెత్తురు పారినట్టయింది. కన్ను నొప్పెట్టిన రోజున కుర్చీలోనే కునికిపాట్లు పడేది. బ్రష్షు జారి నైటీ మీద మరక చేసేది.

ఈలోగా కిట్టుకు ముందు పళ్లు ఊడాయి, జుట్టు కత్తిరించారు. బొమ్మలో చేతులింకా మిగిలే ఉన్నాయి. వాటిని దిద్దడం తన వల్ల కాలేదు. ఒళ్లో చీకటిలోకి పోనిచ్చి ఊరుకుంది.

బొమ్మ తీసుకెళ్లడానికి సుధామయి, ఆమె తల్లి సుబ్బలక్ష్మిగారు, కిట్టు వచ్చారు. సుధామయి కొడుకు భుజం మీద చెయ్యేసి నిలబడింది. సుబ్బలక్ష్మిగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"అచ్చం మావాడే అమ్మా. కాస్త తెల్లగా వేసుంటే ఇంకా నిండుగా ఉండేది."

"అమ్మా" అంది సుధామయి.

"తెల్లగ ఏసి చూసినమ్మా" అంది స్వరూప. "అప్పుడు జరమొచ్చినట్టుండె."

ఆవిడ అది వేళాకోళమనుకుని నవ్వారు. స్వరూప విడమరిచి చెప్పలేదు. కిట్టు బొమ్మలోని మూసిన నోటిని చూస్తున్నాడు.

"ఆంటీ, అందులో నాకు పళ్లున్నాయా?"

"ఉన్నయ్ బిడ్డా. మూతి మూసుకున్నవ్, గంతే."

వాళ్ల కారు సందు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడింది. ఇంట్లోకి వచ్చేసరికి పరుశురాం కంచంలో అన్నం వడ్డించి ఉంచాడు.

"ఇంకో కన్ను ఎప్పుడు చేపిచ్చుకుంటవ్?"

"ఎగ్జామ్స్ అయినంక లీవ్ పెడత. ఇప్పుడు గా హాల్‌టికెట్లున్నయ్."

పప్పు కలుపుకుని తిన్నది. చెయ్యి కడుక్కుని, చాపేసుకుని, మిట్టమధ్యాహ్నమే అయినా గోడవైపు తిరిగి పడుకుంది. పరుశురాం ఫ్యాను స్విచ్చి వేసి తలుపు దగ్గరగా వేశాడు.