కృపారావు రెండో సాక్ష్యం

మా ఆడపడుచు దీవెన కోపం వస్తే అరవదు. నాకు అదే భయం.

రాజాంలో ఆమెకు కంప్యూటర్ సెంటర్ ఉంది. ఫోన్లలో వీడియోలు ఇంకా అంతగా ఆడని రోజుల్లో బళ్ళ కోసం ఒక డిస్కు తయారు చేసింది. పాత కంప్యూటర్‌లో వేసినా తెలుగు మెనూలు, పాఠాల వీడియోలు నడిచేవి. అందులో దాదాపు అన్నీ ఉచిత సాఫ్ట్‌వేర్లే, ఎవరైనా కాపీ చేసి పంచుకోవచ్చు. బ్రౌజర్‌లో వీడియో ఆడించే ప్లగిన్ ఒక్కటే ఒక కంపెనీ సొత్తు. దాన్ని పంచడానికి దీవెన అర్జీ పెట్టి, తన సెంటర్ పేరున అనుమతి తెచ్చుకుంది. తెర మీద మూలగా 'దీవెన, రాజాం' అని ఉండేది. అది చూసుకుని మురిసిపోయేది.

మా చర్చివాడే, చీపురుపల్లిలో సెంటర్ నడిపే కృపారావు, ఆ డిస్కు కాపీ చేసి తన పేరు వేసుకున్నాడు. అంతటితో ఊరుకున్నాడా? ఆదివారం సాక్ష్యాల వేళ లేచి, "ప్రభువు ఇచ్చిన జ్ఞానంతో ఈ డిస్కు సేసినాను" అన్నాడు. సంఘమంతా స్తోత్రం అంది. నా చెప్పులు బయట ఉండబట్టి బతికిపోయాడు.

ఇద్దరం వెళ్లి అడిగితే నవ్వాడు.

"ఏటి సెల్లీ, ఉచితమే కదా? కాపీ సేస్తే తప్పేటి?"

ఉచితమైన వాటి వరకు అతని మాట నిజమే. దీవెన అక్కడి కంప్యూటర్‌లో అతని డిస్కు ఒకసారి నడిపి చూసి, బస్సెక్కింది.

"ప్లగిన్ తియ్యడం మర్సిపోనాడు వదినా," అంది దారిలో. "ఆ అనుమతి నాది. ఇంకొకరికి సెల్లదు."

ఆమె మొహంలో అంత వెలుగు పెళ్లినాడు కూడా చూడలేదు.

కంపెనీకి చెబుతానని దీవెన ఫోన్ చేసేసరికి కృపారావు పరుగున వచ్చాడు.

"నా సెంటర్ మూయించీకమ్మా. ఏటి సెయ్యమంటావో సెప్పు."

"ఎక్కడ నిలబడి అబద్ధం ఆడినావో, అక్కడే నిలబడి నిజం సెప్పు."

ఆదివారం లేచాడు. "అది దీవెన సేసిన డిస్కు. నేను పేరు మార్సినాను" అన్నాడు తల దించుకుని. స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అతని భార్య కొంగుతో మొహం కప్పుకుంది. నా కడుపు చల్లబడింది.

బయట చెప్పులు వేసుకుంటూ, "పోనీలే, ఇంక కంపెనీకి రాయకు" అన్నాను.

"నిన్ననే పంపించేసినాను."

రెండో చెప్పు వదిలేసి ఆమె మొహంలోకి చూశాను.

"అదేటి వదినా, అలా సూస్తావు?" అంది దీవెన. "నిజం సెప్పమన్నాను గానీ, సెప్తే ఒగ్గేస్తానన్నానేటి?"