ముఖం చూపని దుకాణం

కిందటి నెల ఒక మంగళవారం మా పిన్ని చనిపోయింది. ఆ మధ్యాహ్నం మూడింటికి ఆమె రోజూ ఫోన్లో చేసే చీరల లైవ్ వీడియో రాకపోయేసరికి, కొనేవాళ్ల గ్రూపులో మెసేజీలు మొదలయ్యాయి. "అక్కా, ఈరోజు లేదా?" "అక్కా, కరెంటు పోయిందా?" "నిన్న చూపించిన వంగపండు రంగు చీర నాకు పక్కన పెట్టక్కా." జవాబు చెప్పాల్సినామె వరండాలో చాప మీద ఉంది. ఆమె ఫోను నా చేతిలో ఉంది. "అక్క మనల్ని వదిలి వెళ్లిపోయింది" అని టైపు చేసి పంపాను. దోర్నాల నుంచి ఒకామె వెంటనే "ఏ ఊరు పోయింది, ఎప్పుడొస్తది?" అని అడిగింది. ఇంకో మాట ఎలా రాయాలో తెలియక ఫోను పక్కన పెట్టేశాను.

పిన్ని అంటే మా అమ్మకు సొంత చెల్లెలు. మార్కాపురంలో బట్టల దుకాణం ఉన్న ఇంటికి కోడలుగా వచ్చింది. బాబాయి గల్లా దగ్గర కూర్చుంటే, ఆమె ఆడవాళ్లకు చీరలు విప్పి చూపించేది. కొనకుండా లేచిపోయేవాళ్ల మీద బాబాయి విసుక్కునేవాడు గానీ ఆమె విసుక్కోవడం నేను చూడలేదు. "కొననీ, కొనకపోనీ. చీర విప్పితే ఆడదాని ముఖం కూడా విప్పుకుంటది, అది చూసినాం చాలదా" అనేది. నేను వాళ్ల వెనక వీధిలోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. దుకాణంలో అమ్మిన చీరలకు ఫాల్ కుట్టే పని కూడా నాదే కాబట్టి రోజూ వెళ్లేదాన్ని.

బాబాయి గుండెపోటుతో పోయాక ఏడాది తిరక్కుండానే ఆమె దుకాణానికి వెళ్లడం మానేసింది. మానేసింది అనడం కంటే మాన్పించారు అనడం నిజం. పొద్దున బోణీ వేళకు, పెళ్లి బట్టలు తీసే వేళకు భర్త పోయిన మనిషి ఎదురుపడకూడదంటారు కదా. ఆమె మరిది చెడ్డవాడేం కాదు. నసుగుతూనే చెప్పాడు.

"వదినా, నాకైతే పట్టింపు లేదు. కొనేవాళ్లకు ఉంటదే. నిన్న పెళ్లోళ్లు నిన్ను చూసి మెట్లు కూడా ఎక్కకుండా పోయినారు."

"సరేలే నాయనా," అని ఆమె చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చేసింది. నాకు పట్టింపు లేదనే మంచివాళ్ల వల్లనే లోకంలో పట్టింపులన్నీ ఇంత చక్కగా నడుస్తున్నాయని నా అభిప్రాయం. ఆమె ముందు ఆ మాటంటే నవ్వి ఊరుకునేది.

ఫోన్లో అమ్మాలన్న ఆలోచన ఆమెదే. మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, పైన కడ్డీకి ఫోను కట్టించుకుంది. ముఖం కనపడదు. చీర, దాన్ని విప్పే రెండు చేతులు, ఆ గొంతు, అంతే. "ఫోన్లో ఎర్రగా కనపడతాంది, నమ్మొద్దండమ్మా. ఇది ఎండుమిరపకాయ ఎరుపు, ఇంకా కాస్త నలుపు కలుస్తది" అని చెప్పేది. అట్ల చెప్తే కొనేవాళ్లు కూడా కొనరని నేను పోట్లాడాను.

"రంగు దగ్గర అబద్ధమాడితే ఉతికిన నాడు దొరికిపోతాం పాపా," అంది.

మొదట్లో నెమ్మదిగానే సాగింది. ఒకసారి కురిచేడు నుంచి ఒకామె కూతురి పెళ్లికి చీరలన్నీ లైవ్‌లోనే ఏరుకుంది. అన్నీ ఖాయమయ్యాక, చేతులకు గాజులు లేవేమక్కా అని అడిగింది. పిన్ని ఉన్నమాట చెప్పేసింది. "ఏమీ అనుకోవద్దక్కా, మా ఇంట్లో మొదటి శుభకార్యం" అని ఆమె ఆర్డరు వెనక్కి తీసుకుంది. పిన్ని ఆ చీరలన్నీ మళ్లీ మడతలు పెట్టి బీరువాలో సర్దింది. అన్నం కూడా తిన్నది. మర్నాడు నా దగ్గరకొచ్చి, "నీ గాజులు ఓ డజను ఇయ్యి పాపా," అంది. నేను లెక్కపెట్టి ఇచ్చాను.

ఆ రోజు నుంచి లైవ్ మొదలయ్యే ముందు గది తలుపుకు గడియ పడేది. ఇంట్లో పెద్దవాళ్లు గాజులు చూస్తారని గడియ. వీధిలో ఆటోల మోత వినపడుతుందని కిటికీ మూత. గాలికి చీర ఎగురుతుందని ఫ్యాను బందు. మా ఊరి ఎండలు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ గదిలో పది నిమిషాలు కూర్చుంటే నాకు ఊపిరాడేది కాదు. ఆమె మాత్రం మెడ మీద చెమట కారుతున్నా నవ్వు గొంతుతో, "ఈ అంచు చూడండమ్మా, నెమలి మెడ మాదిరి ఎట్ల మారతాందో," అంటూ ఉండేది. అయిపోయాక చేతులకు సబ్బు రాసుకుని గాజులు తీసేసి, మంచం కింది కందిపప్పు డబ్బాలో దాచి, అప్పుడు గడియ తీసేది.

గిరాకీ పెరిగింది. త్రిపురాంతకం, గిద్దలూరు, ఎక్కడో హైదరాబాదు నుంచి కూడా ఆర్డర్లు వచ్చేవి. తలనొప్పులూ వచ్చాయి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయకపోతే వాపసు లేదని మొత్తుకున్నా వినేవాళ్లు కాదు. ఒకామె చీర నచ్చలేదని తిప్పి పంపితే, కుచ్చిళ్ల మీద పులిహోర మరక ఉంది. నేను మండిపడ్డాను. పిన్ని ఆ మరక వాసన చూసి, "ఇంగువ బాగానే వేసినారు. పోనీలే, ఒక పూటన్నా కట్టుకొని మురిసింది," అంది. కొన్నాళ్లు పెద్ద పెద్ద ఊళ్లవాళ్లు ఇవే చీరలు చవకగా అమ్మి మమ్మల్ని దెబ్బతీశారు. అయినా ఆ గొంతు కోసం మనుషులు మళ్లీ వచ్చారు.

దుకాణంలో కదలని సరుకంతా మరిది ఆమె గదికే చేర్చడం మొదలుపెట్టాడు. "నువ్వే చూడాల వదినా, నీ చేతిలో పడితే పోతది," అనేవాడు. మెట్ల మీద కనపడకూడదన్న మనిషి చేతుల మీదే దుకాణం నడిచింది. వచ్చి గల్లా దగ్గర కూర్చోమని మాత్రం ఒక్కనాడూ అనలేదు. ఆ గాజులను ఫోన్లో అతనూ చూసే ఉంటాడు. ఏమీ అడగలేదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది వేరే ఉంది. ఆమె బయట మాట్లాడటం మానేసింది. గొంతు గుర్తుపట్టి ఎవరైనా "అక్కా" అని తిరిగితే, ముందు చూసేది చేతులనే కదా. కూరగాయల మార్కెట్లో చేతులు కొంగులో చుట్టుకుని, గడ్డంతో వంకాయలు చూపించేది. బేరం నేనాడాలి. ఆమె మూగదనుకుని ఒక ముసలామె రెండు నిమ్మకాయలు ఊరికే వేసింది. ఇంటికొచ్చి ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వి నవ్వి ఆమె కళ్లు తుడుచుకుంది, ఇక మళ్లీ మార్కెట్టుకు రాలేదు.

"చెప్పెయ్యి పిన్నీ. పోయే గిరాకీ పోతది," అని ఒకసారి గట్టిగానే అన్నాను.

"శ్రావణమాసం దాటనీ," అంది. శ్రావణం దాటితే దసరా, దసరా దాటితే పెళ్లిళ్లు. ఎన్ని సీజన్లు దాటాయో. చివరికి ఒకరోజు ఆమే చెప్పింది. "గిరాకీ పోతే పోనీ పాపా. అక్కా అని పిలిచేవాళ్లు పోతారు. ఈ ఇంట్లో నన్ను నోరారా పిలిచేదెవురు? రంగు దగ్గర అబద్ధమాడనిదాన్ని, చేతుల దగ్గర ఆడతాండా. ఏం చేసేది?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఫోనుకు అవతలున్న ఆడవాళ్ల మీద నాకప్పుడు చాలా కోపముండేది.

సోమవారం కూడా లైవ్ చేసింది. మంగళవారం పొద్దున ఛాతీలో నొప్పి అంది. ఆటో ఆసుపత్రి చేరేసరికే అయిపోయింది.

సంగతి గ్రూపులో అందరికీ అర్థమయ్యాక, పెద్దకర్మకు వస్తామన్నవాళ్లకు నేను ముందే ఇంటి గుర్తులు చెప్పాను. ఒకరో ఇద్దరో వస్తారనుకున్నాను. ఆ రోజు బస్సుల్లో, ఆటోల్లో వస్తూనే ఉన్నారు. చాలామంది ఆమె దగ్గర కొన్న చీరలే కట్టుకున్నారు. నేను ఫాల్ కుట్టిన చీరలు నాకు తెలియవా. మరిది ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయాడు. వాళ్లు వచ్చి, గోడకు దండ వేసిన ఫోటో ముందు నిలబడి, దండం పెట్టి, కొత్త మనిషిని చూసినట్టు చూసి పక్కకు జరిగారు. ఆ ముఖం వాళ్లలో ఎవరూ ఎరగరు.

గిద్దలూరు నుంచి వచ్చినామె నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "చేతులు కనపడే ఫోటో ఏదన్నా ఉందా అక్కా?"

నా ఫోన్లో ఒకటి ఉంది. నా మిషను పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నప్పుడు తీసింది. గాజులు లేవు. చూపించాలా వద్దా అని తేల్చుకోలేకపోయాను. పిన్ని ఇన్నేళ్లు వేసుకున్న గడియను, ఆమె లేనప్పుడు చూసి, నేను తీసినట్టవుతుంది. తర్వాత ఆ ఫోటో తెరిచి ఫోను చేతికిచ్చాను.

గిద్దలూరామె రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసింది. చూసింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

"ఇయ్యే," అని మిగతావాళ్లను పిలిచింది. "రాండి, అక్క చేతులు ఇయ్యే."

అందరూ చుట్టూ మూగారు. గాజుల సంగతి ఎవరూ అడగలేదు. గోడ మీది ఫోటో వైపు ఎవరూ తిరగలేదు. తలలన్నీ ఆ చిన్న ఫోను మీదికి వంగి ఉన్నాయి, గిద్దలూరామె బొటనవేలు పిన్ని మణికట్టు ఉన్నచోట అద్దాన్ని నిమురుతూ ఉంది.