బాయిలోకి దిగిన గాజులు

1992 చలికాలం. గోదావరిఖనిలో గని కార్మికుల దవాఖానలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. పొద్దున్నే క్వార్టర్లలోని బొగ్గు పొయ్యిల పొగ, మంచు కలిసిపోయి నా గది కిటికీ దాకా వచ్చేవి. ఆ మసక వెలుతురులో మనుషులు నేల మీద తేలుతూ వస్తున్నట్టుండేది. సమ్మక్క కూడా అలాగే వచ్చింది, ఎడమ చేతిని కుడి చేత్తో మోసుకుంటూ.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో ఆమె చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశారు. నీరు వెనక్కి వెళ్లే దారి లేక చెయ్యి ఉబ్బింది. దీన్ని లింఫెడిమా అంటాం. పూర్తిగా పోదు. చర్మాన్ని మెత్తగా నిమురుతూ ఆ నీటిని పైకి మళ్లించి, వేళ్ల నుంచి భుజం దాకా బ్యాండేజీ చుడితే అదుపులో ఉంటుంది. బ్యాండేజీ మాత్రం రోజంతా ఉండాలి. ఆమె మణికట్టుకేమో ఆకుపచ్చ గాజులు బిగుసుకుపోయి, వాటి కింద చర్మం చిట్లడం మొదలైంది. అక్కడ ఇన్‌ఫెక్షన్ సోకితే ప్రాణం మీదికే రావచ్చు.

చెయ్యి ఎత్తి పెట్టించి, నిమిరి, సబ్బు నురగతో గాజులు ఒక్కొక్కటే జారదీశాను. బ్యాండేజీ చుట్టి పంపాను. మర్నాడు చూస్తే బ్యాండేజీ లేదు. నూనె రాసి బలవంతాన ఎక్కించుకున్న గాజులున్నాయి. నాకు ఒళ్లు మండింది.

"నీకు చెయ్యి గావాల్నా, గాజులు గావాల్నా?" అని కసిరాను.

"ఆయనది ఫస్టు షిఫ్టు, డాక్టరమ్మా. బాయిల ఉన్నడు. మొగడు బాయిల ఉంటే ఉత్త చెయ్యి ఎట్ల పెట్టుకోవాలె? పైకొచ్చినంక తీస్త."

"కుడి చేతికి ఉన్నయి గదా!"

"ఒక్క చేతికుంటే సాలదు. ఆయనకేమన్న అయితే నాకీ చెయ్యెందుకు?"

బాయి అంటే గని. షిఫ్టు సైరన్ మోగేదాకా అక్కడి ఆడవాళ్ల ప్రాణం వాళ్ల దగ్గర ఉండదని నాకూ తెలుసు. భర్తను పిలిపించాను.

ఓదెలు టింబర్‌మన్. గని పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెడతాడు. కనురెప్పల మీది బొగ్గుపొడితోనే డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. నేను చెప్పిందంతా విని, భార్య చేతిని తన వైపు తిప్పుకుని గాజుల కింద చిట్లిన చర్మం చూశాడు.

"తియ్యే," అన్నాడు.

"నువ్వు దిగినంక ఉత్త చేత్తోని..."

"ఉత్త చెయ్యి ఎట్లయితది? గాజులు నాకియ్యి. నాతోని దిగుతయి, నాతోనే పైకొస్తయి."

సమ్మక్క చాలాసేపు అతని మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి నాకు చాపింది. తీసిన గాజులను అతని తువ్వాలలో తనే మూటకట్టింది.

మర్నాడు గని ముందు, లోపలికి నిప్పు పోకుండా బీడీలు, అగ్గిపెట్టెల కోసం జేబులు తడిమే మనిషికి ఆ మూట దొరికిందట.

"ఏంది ఓదెలు బావా, లోపల గాజుల దుకాణం పెడ్తున్నవా?"

"మీ అక్క ఇచ్చి పంపింది," అన్నాడట ఓదెలు. అందరూ నవ్వారట గానీ, మూట మాత్రం ఎవరూ ఆపలేదు.

ఆ తర్వాత సమ్మక్క బ్యాండేజీ విప్పలేదు. నేను చెయ్యి నిమురుతుంటే కళ్లు మూసుకుని, నిద్రలో మాట్లాడినట్టు గొణిగేది. "ఇప్పుడు దిగుతున్నయి... ఇప్పుడు ఆయన డబ్బ ఇప్పి బువ్వ తింటున్నడు, పక్కకే ఉన్నయి..." కిటికీ అవతల మంచులో ఎక్కడో నేల కింద ఆ ఆకుపచ్చ గాజులు నాకూ కనిపించేవి. నిజం చెప్పాలంటే, ఆ పొద్దులంటే నాకు ఇష్టంగా ఉండేది.

ఎండాకాలం వచ్చేసరికి చెయ్యి బాగా తగ్గింది. వదులుగా ఉండేట్టు రెండు గాజులు వేసుకోవచ్చన్నాను. ఓదెలు మూట విప్పి రెండిచ్చి, మిగతావి మళ్లీ కట్టుకున్నాడు.

"అవి గూడ ఇంట్ల పెట్టరాదు?" అంది సమ్మక్క.

"నాకాడనే ఉండనియ్యే. ఒంగినప్పుడల్ల జేబుల గలగలమంటయి. చీకట్ల నువ్వు ఇంట్ల తిరుగుతున్నట్టే ఉంటది."

ఆమె ఏడ్చింది. నాకూ కళ్లు నిండాయి.

అప్పటి నుంచి నా దగ్గరికొచ్చిన వాళ్లను ఉంగరమైనా, తాయెత్తయినా తియ్యమనే ముందు ఒక మాట అడగడం అలవాటైంది: "తీస్తే, ఎవరి చేతికిస్తవు?"