దెయ్యం కోరిక

మద్రాసులో మనోవైద్యం చదివిన జయరాజు 1956లో ఆదోనిలో ఆసుపత్రి పెట్టారు. గోనెగండ్ల నుంచి పార్వతమ్మ తన కోడలు ఈరమ్మను తీసుకొచ్చింది.

"దీనికి దెయ్యం పట్టింది సారూ."

దెయ్యాల్లేవంటే వీళ్లు నేరుగా వేపమండలతో కొట్టేవాడి దగ్గరికే పోతారని ఆయనకు తెలుసు. అందుకే ఈరమ్మ ఎదుట కూర్చుని, "ఏం కావాలమ్మా నీకు?" అని దెయ్యాన్నే మర్యాదగా అడిగారు.

ఈరమ్మ గొంతు మార్చింది. "పెండ్లయి మూడేండ్లాయ. ఒక్కసారన్నా దీన్ని పుట్టింటికి పంపినారా?"

కోడలి మాట ఏనాడూ వినని పార్వతమ్మ దెయ్యం మాటకు హడలిపోయింది. మర్నాడే ఈరమ్మను తుగ్గలిలోని పుట్టింటికి పంపింది. పది రోజులకు ఆమె నవ్వుతూ తిరిగొచ్చింది.

నెల తర్వాత పార్వతమ్మ ఒక్కతే వచ్చి, "ఇప్పుడు నన్ను పట్టింది సారూ. దానికి సినిమా సూడాలంట," అంది సిగ్గుపడుతూ.

డాక్టరు నవ్వు ఆపుకున్నారు. "మీ ఆయన్ని పిలుచుకొని రామ్మా. ఆయన ముందరే అడుగుదాం."