యాదగిరన్న కాపలా

ఇంట్లో వెనిగర్ సీసా మూత తీస్తే చాలు, ఆ పులుపు ముక్కుకు తగిలి మళ్ళీ పటాన్‌చెరు ఫ్యాక్టరీ చీకటి గదిలో ఫిల్ములు కడుగుతున్నట్టు ఉంటుంది. తొంభైల తొలినాళ్ళు. బాయిలర్ల అతుకుల్లో పగుళ్ళున్నాయేమో ఎక్స్‌రేలా ఫోటో తీసి చూడటం నా పని. అందుకు వాడే రేడియోధార్మిక పదార్థాన్ని బరువైన పెట్టెలో పెట్టి, నేలలోని గుంటలో దాచేవాళ్ళం. గుంటకు రెండు తాళాలు. ఒక తాళంచెవి నా దగ్గర, రెండోది కాపలాదారు యాదగిరన్న మొలతాడుకు. ఇద్దరం కలిస్తేనే గుంట తెరుచుకునేది.

యాదగిరన్న పక్క ఊరి రైతు. "తెల్వనోడు ఎత్తుకపోతే ఆడొక్కడు సస్తడు తమ్మీ. తెలిసినోడు ఎత్తుకపోతే బాంబుల పెట్టి బజారంత ఆగం జేస్తడు" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. బొల్లారం నుంచి నా బస్సు తరచూ ఆలస్యమయ్యేది. నేను వచ్చేలోపు పని ఆగకుండా తోటి టెక్నీషియన్ తీసుకుంటాడులే అని, ముందురోజు సాయంత్రమే నా తాళంచెవిని చౌరస్తాలోని టీ హోటల్లో మేకుకు తగిలించడం మొదలుపెట్టాను.

ఒకరోజు చూస్తే మేకు ఖాళీ. "ఎవరో లుంగీ ఆయన తీస్కపాయె. మీ కంపెనీయేనట గద సార్?" అన్నాడు హోటలాయన. పరుగున ఫ్యాక్టరీకి వెళ్ళాను. గుంట దగ్గర యాదగిరన్నతో, "ఇంట్లో మరిచిపోయానన్నా" అని అబద్ధమాడాను.

ఆయన జేబులోంచి నా తాళంచెవి తీసి ఊపాడు. "మీ ఇల్లు చౌరస్తల ఎప్పుడు గట్టినవ్? లుంగీ గట్టి, తలకు తువ్వాల సుట్టి పోయిన. అడిగిన, ఇచ్చిండు. పైంగ చాయ్ గూడ పోసిండు!"

నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. "నాకంటే ముందు ఎవడన్న దీని అచ్చు తీస్కున్నడేమో, నీకెర్కనా? తాళం మార్చాలె. మేనేజరు సారుకు నువ్వు జెప్తవా, నన్ను జెప్పమంటవా?"

"వచ్చేవారం నా ఉద్యోగం పర్మనెంటు అవుతుందన్నా. ఇంట్లో కూడా చెప్పేశాను."

"గట్లయితే జల్దీ పో. సారు ఇప్పుడే తిన్నడు, ఖుషీగున్నడు."

వెళ్ళి చెప్పాను. తాళం ఆ రోజే మారింది. నా పర్మనెంటు ఆరు నెలలు వెనక్కి పోయింది. అది ఎప్పుడో మరిచిపోయాను. ఆయన కళ్ళలోకి చూస్తూ ఆడిన అబద్ధాన్ని మాత్రం మరవలేకపోయాను.

మర్నాడు గేటు దగ్గర ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "పాసు సూపెట్టు."

"నన్ను గుర్తుపట్టలేదా అన్నా?"

"గుర్తువట్టిన గాబట్టే అడుగుతున్న. తెలిసినోడే అనుకొనే గద హోటలాయన ఇచ్చింది?"

ఇద్దరం ఒక్కసారే నవ్వేశాం. ఇప్పుడు నా కింద పనిచేసే కుర్రాళ్ళను రోజూ పాసు అడుగుతాను. వాళ్ళు విసుక్కుంటారు. అందుకే ముందు నాది తీసి చూపిస్తాను, తర్వాతే వాళ్ళది అడుగుతాను.