దలా ఒడ్డున జర్మనీ

సైకిలు మీంచి ఎవరైనా పడతారు. అందులో గొప్పేమీ లేదు. నేను మాత్రం ఒకే ఒక్క మలుపులో మా మావయ్యను, ఆయన పట్టు లోంజీని (బర్మా లుంగీని), నా పెళ్లిని కలిపి కాలవలో పడేశాను. అంతటి ఘనకార్యం రంగూన్‌లో మరొకరు చేసినట్టు, పత్రికలో పాతికేళ్లు పనిచేసిన నాకే తెలియదు.

మావయ్యకు రంగూన్‌లోని పబేడాన్ పేటలో మసాలా దినుసుల కొట్టు. ఒక్కతే కూతురు పార్వతి, బళ్లో టీచరు. ఆయనకు ఇద్దరు అక్కలు. పెద్దక్క కొడుకు అప్పన్న, చిన్నక్క కొడుకును నేను. మేనరికం వరస ఇద్దరికీ సమానమే. అప్పన్న ఓడ ఉద్యోగం మీద దేశాలు తిరుగుతున్నంతకాలం నేను నిశ్చింతగా ఉన్నాను. పత్రికలో నేను రాసే ప్రతి వాక్యాన్నీ సర్కారు తరఫున నలుగురు చూసేవారు. పార్వతిని మాత్రం నేనొక్కణ్ణే చూస్తున్నాననుకున్నాను.

ఆ ఏడు అప్పన్న నెల సెలవు మీద దిగాడు. "ఈడు మళ్లీ ఓడెక్కీలోగా తేలిపోవాల. గుంట ఎవర్ని అంటే ఆళ్లకే తాంబూలం," అన్నాడు మావయ్య.

మొదటి రోజే అప్పన్న కొట్టులో కూర్చుని జర్మనీ విప్పాడు.

"హాంబర్గులో ఓడ బాగుచేతకి ఆగిపోనాది మావా. రేవులో పనిచేసే ముసలాయన సైకిలిచ్చి, పోయి తిరుగన్నాడు. ఎల్బె అని నది. దాని గట్టు పొడుగునా సైకిళ్లకే రోడ్డు! కారు లేదు, బస్సు లేదు. గట్టు మీద గొర్రెలు, కింద యాపిలు తోటలు. అవతలికి పోవాలంటే సైకిలుతోటే బల్లకట్టు ఎక్కీడమే."

"ఎండ లేదేటి?" అంది పార్వతి.

"ఏసంగి కదా, రాత్రి తొమ్మిదికీ ఎండే!"

"తొమ్మిదికి ఎండేట్రా, కోతలు!" అన్నాడు మావయ్య. అంటూనే స్టూలు దగ్గరకు లాక్కున్నాడు.

పార్వతి కళ్లు యాపిలు పళ్లంత అయ్యాయి. నా కడుపులో ఎండుమిరపకాయల బస్తా ఒకటి మెల్లగా అంటుకుంది. నేను చెప్పిన ఏ వార్తకైనా ఆ కళ్లు అలా అయ్యాయా? వరి దిగుబడి పెరిగిందంటే ఎవరి కళ్లు మాత్రం పెరుగుతాయి!

"మనకి మాత్రం నది లేదేటి? ఆదివారం నది దాటి అవతలొడ్డున దలా ఎల్దాం," అనేశాను. "మావయ్యనీ పార్వతినీ సైకాలో నేనే తొక్కి తిప్పుతాను."

"నువ్వా? పెన్సిలు తప్ప మరోటి ఎత్తినావేట్రా ఎప్పుడైనా?" అన్నాడు మావయ్య.

"అన్నకి సైకిలు అద్దెకు తీద్దాం. ఎనకాల వస్తాడు."

వెనకాల! ఆ మాట నా నోటికి ఎంత తియ్యగా తగిలిందో. నా దుమ్ము తింటూ రావాలి జర్మనీ వీరుడు.

ఆదివారం పొద్దున్నే లాంచీలో నది దాటి, దలాలో సైకా, సైకిలు అద్దెకు తీసుకున్నాం. సైకా చూడనివారి కోసం చెబుతున్నాను: సైకిలు పక్కన ఒక చక్రంతో రెండు సీట్లు తగిలిస్తారు. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిరిగి ఉంటాయి. వీపుకు వీపు ఆనించి కూర్చోవాలి. పెద్దవాళ్లను ముందు కూర్చోబెట్టడం మర్యాద. నేను మర్యాదస్తుణ్ణి. మావయ్యను ముందు, పార్వతిని వెనక ఎక్కించి, "నీకు ఎదురుగాలి కొట్టదు," అని దయ కూడా ప్రదర్శించి తొక్కడం మొదలుపెట్టాను.

పాఠకులారా, మీకు అప్పుడే అర్థమైపోయింది. నాకు అర్థం కావడానికి అరమైలు పట్టింది.

వెనక నవ్వు వినిపించి తిరిగి చూశాను. అప్పన్న సరిగ్గా సైకా వెనకే, తీరిగ్గా, ఒంటిచేత్తో తొక్కుతూ వస్తున్నాడు. పార్వతి ఒళ్లో చేతులు పెట్టుకుని అతనికి ఎదురుగా, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చుంది. ఆ పెళ్లిచూపుల చాపను చెమటలు కక్కుతూ లాక్కుపోతున్నది నేను!

"ఆ ముసలాయన ఏటన్నాడు మరి, పెద్ద బావా?"

"ఈపాలి పెళ్లాన్ని తీసుకురా, రెండు సైకిళ్లిస్తానన్నాడు."

అతన్ని వదిలించుకుందామని వేగం పెంచాను. అతనూ పెంచాడు. దాటిపోతాడేమోనని తగ్గించాను. అతనూ తగ్గించాడు. ఎందుకు దాటిపోతాడు, పిచ్చా?

"ఏట్రా, జొరమొచ్చిన ఎద్దునాగ ఒకపాలి పరిగెడతావు, ఒకపాలి నిలబడిపోతావు?"

"రోడ్డు బాగోలేదు మావయ్యా."

"రోడ్డుకేటయింది! నువ్వు ముందు సూడు!"

చూడలేదు. వెనక మాటలు ఆగిపోయాయి. నవ్వుకంటే ఆ నిశ్శబ్దం నన్ను ఎక్కువ కాల్చింది. మెడ పూర్తిగా తిప్పాను. ఇద్దరూ మాటలు మానేసి ఒకరినొకరు చూసుకుంటున్నారు. నేను మళ్లీ ముందుకు తిరిగేసరికి మలుపు మీదికి వచ్చేసింది. సైకిలు అలవాటు కొద్దీ ఒళ్లు వంచాను. సైకా వంగదు. హ్యాండిలు తిప్పాలి. దలాలో పసిపిల్లలకు కూడా తెలిసిన ఆ సంగతి నాకు కాలవలో తెలిసింది.

అప్పన్న దూకి పార్వతిని గట్టెక్కించాడు. మావయ్య బురదలోంచి గేదెలా లేచాడు.

"ఒరే పేపరోడా! జర్మనీ సూపిస్తానని పాతాళం సూపించినావేట్రా!"

నేను తల ఎత్తకుండా ఆయన చెప్పు కోసం నీళ్లలో వెతికాను. దొరకలేదు.

తిరుగు లాంచీలో లోంజీ పిండుకుంటూనే మావయ్య కూతుర్ని అడిగేశాడు.

"ఇంక సెప్పీమ్మా. ఏ బావ?"

పార్వతి నావైపు జాలిగా చూసింది. "పెద్ద బావే నాన్నా. ఆయన ముందు సూసి తొక్కుతాడు."

చూడడూ మరి! అతని ముందున్నది నువ్వే కదమ్మా! ఈ వాక్యం గొంతు దాకా వచ్చింది. నోట్లో ఇంకా దలా బురద ఉండటం వల్ల అచ్చు కాలేదు.

అప్పుడే, రంగూన్ నది సాక్షిగా, తడిసిన కుడిచెయ్యి ఎత్తి ఒక శపథం చేశాను. ఈనాటికీ దానికి కట్టుబడే ఉన్నాను. ఈ జన్మలో మళ్లీ సైకా తొక్కవలసి వస్తే, మర్యాద మంటగలిసినా సరే, వెనక సీట్లో మావయ్యనే కూర్చోబెడతాను.